మీకు తెలుసా? మతిమరుపుకు ముందు మెదడులో గోల!

తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవడం అందరికీ ఉన్నదే. కంకిపాడులోనే పుట్టి పెరిగిన పెద్దాయన బందరు రోడ్డు మీద నిలబడి ఇంటి దారి వెతుక్కుంటుంటే మాత్రం అల్జీమర్స్ అనే మతిమరుపు వ్యాధేమోనని అనుమానించాలి.

• అల్జీమర్స్‌లో నాడీకణాలు చచ్చిపోతాయి. అంతకుముందే కొన్ని అతిగా రేగిపోతాయి! ఎలుకల మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకున్న చోట ఈ సంగతి 2008లో బయటపడింది.

• జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్‌లో ఈ గోల పెరిగితే కొత్త విషయాలు నిలవవు. 2012 నాటి ఒక ప్రయోగంలో, తక్కువ మోతాదు మూర్ఛ మందుతో అది తగ్గి జ్ఞాపకశక్తి కాస్త మెరుగైంది. ఆ మందును సొంతంగా మాత్రం వాడకూడదు.

• హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు) రోగులను పరిశీలించగా, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో తేలింది.

పెద్దవాళ్లు అడిగిందే అడుగుతుంటే విసుక్కోకండి, న్యూరాలజిస్టుకు చూపించండి.