ఇస్తాంబూలు వీధులలో ఒక శాకాహారి

శాకాహారికి తుర్కీలో పని యేమని మిత్రులు పరిహసించిరి. కబాబుల దేశమునకు పోయి కాఫీనీళ్ళతో ప్రాణము నిలుపుకొందువా అని కూడ అడిగిరి. నాకును లోలోపల శంక లేకపోలేదు. పదిమంది యాత్రికులను ఒక జట్టుగా చేర్చి, ఉదయము మొదలు రాత్రివరకు వీధివీధి త్రిప్పి, ఆ నగరపు వంటకములను రుచి చూపించు ఏర్పాటు ఇస్తాంబూలులో బాగుగా వ్యాపించియున్నది. ఒక శీతకాలపు ఉదయమున అట్టి జట్టులో నేనును చేరితిని. మాకు దారి చూపినామె ఆ ఊరిలోనే పుట్టి పెరిగినది. వయస్సు నలువదికి మించదు. నా సంగతి విని ఒక చీటిమీద తుర్కీభాషలో ఏదో వ్రాసి నా చేతి కిచ్చెను. "మాంసము, చేప, కోడి, ఏవియు వలదు" అని దాని అర్థమట. మాంసము వలదన్న పిమ్మట కోడిని వేరుగా వ్రాయుట ఎందుకని అడిగితిని. "ఇచ్చట కోడిని మాంసముగా లెక్కింపనివారు చాలమంది" అని ఆమె నవ్వెను. ఆ చీటి విలువ నాకు మధ్యాహ్నము దాటినగాని తెలియలేదు.

ఎమినోను రేవు చెంత 'మిసిర్ చార్షిసి', అనగా ఈజిప్టు బజారు, ఉన్నది. 1660-70 మధ్య పూర్తియైన ఈ కప్పుగల అంగడివీధి అద్దెలతో ప్రక్కనున్న పెద్ద మసీదు ఖర్చులు జరుగవలెనని ఆనాటి కట్టడి. నేడు సగము దుకాణములలో యాత్రికులకై కట్టిన రంగురంగుల పొట్లములే కనబడును. ఊరివారు కొనునది బయటి సందులలో. అయినను ఆ కప్పు క్రింద నడచుచుండగా నాకొక వింత తోచినది. నాకు తుర్కీభాష రాదు. కాని అంగళ్ళవారి కేకలలో సగము మాటలు తెలిసినట్లే ఉండెను. బాదెమ్, ఇన్జిర్, ఫిస్తిక్, హెల్వా, షెర్బెత్, పెయ్‌నిర్. మన బాదము, అంజూరము, పిస్తా, హల్వా, షర్బతు, పనీరు ఇవియే గదా! పారసీక, అరబ్బీ భాషల సంతలో వారొక వైపునను మన మొక వైపునను కొని తెచ్చుకొన్న సరకు ఇది.

బజారు ప్రక్క సందులో కాఫీపొడి దుకాణము ముందు జనము బారులు తీరియుండిరి. పచ్చిగింజలు కొని ఇంటిలో వేయించి దంచుకొను రోజులలో, వేయించి పొడిచేసి అమ్మ మొదలుపెట్టిన దుకాణమట, 1871 నాటిది. ఉదయపు ఫలాహారమునకు తుర్కీలో 'కహ్వాల్తి' అని పేరు. కాఫీకి ముందు తినునది అని భావము. మన ఇండ్లలో కాఫీ ముందు, తక్కిన వన్నియు పిమ్మట, వారిది తలక్రిందులు.

అచటినుండి మెట్ట యెక్కి వేఫా పేట చేరితిమి. ఆ దినమున చూచిన దుకాణములలో నా మనస్సు మొదట నిలిచినది ఇచటి బోజా దుకాణమున. 1876లో పెట్టిన ఈ అంగడిలో అతాతుర్కు 1937లో త్రాగిన గాజుపాత్రను అద్దపు పెట్టెలో దాచి చూపుదురు. చిరుధాన్యమును ఉడికించి, వడగట్టి, పంచదార కలిపి పులియబెట్టిన చిక్కని పానీయము బోజా. లేత పసుపు వన్నె, పైన దాల్చినచెక్క పొడి. ఎదుటి దుకాణములో వేయించిన సెనగలు వేడివేడిగా కొనితెచ్చి, దానిపై చల్లుకొని, చెంచాతో తినవలెను. మొదటి చెంచా నోటబెట్టగనే నాకు చిన్ననాటి చోడియంబలి జ్ఞప్తికి వచ్చినది. అది ఉప్పన, ఇది తీపి. కాని ఆ పులుపు మాత్రము అదియే. మనయింట అది కుండలో, గాడిపొయ్యి ప్రక్కన. ఇచట పాలరాతి బల్లపై, అద్దముల నడుమ. అంబలి పేదవాని తిండి అని మనము ఎంత త్వరగా మరచితిమోగదా అని ఒక్క క్షణము సిగ్గు కలిగినది.

మరల రేవు చేరి ఆసియా ఖండపు ఒడ్డుననున్న కాదికోయి పేటకు ఆవిరిపడవ మార్గమున బయలుదేరితిమి. ఇది ఇరువది నిమిషముల ప్రయాణము. నడుము సన్నమైన చిన్నగాజుపాత్రలో తేనీరు చేతికి వచ్చినది. కాఫీ పండు యెమెన్ దేశము సామ్రాజ్యముతో పాటు చేజారిన పిమ్మట, నల్లసముద్రపు తీరమున రిజే ప్రాంతములో తేయాకు పెంచి, 1947లో అచట కర్మాగారము పెట్టి, తుర్కులు టీకి అలవడిరి. కాఫీకి ప్రసిద్ధిచెందిన జాతి నేడు రోజంతయు త్రాగునది టీ.

పడవ మలుపు తిరుగగా ఉత్తరమున, నీటి అంచున, తెల్లని దోల్మాబాహ్‌చె ప్రాసాదము కనబడినది. నేను హైదరాబాదు నుండి వచ్చితినని తెలిసియున్న ఆమె అటు చేయి చూపి, "అది మీ ఊరికి చుట్టమే" అనెను. నిజమే. 1924 మార్చిలో ఆ ప్రాసాదము నుండియే కడపటి ఖలీఫా అబ్దుల్ మెజీదును దేశము వెడలగొట్టిరి. ఆయన కుమార్తె దుర్రుషెహ్వార్, ఆ వంశమునకే చెందిన నీలోఫర్, 1931లో నిజాము కుమారుల భార్యలై హైదరాబాదు వచ్చిరి. నీలోఫర్ ఆసుపత్రి పేరు తెలియని తల్లి మన నగరమున ఉండదు. ఇస్తాంబూలులో పుట్టిన ఆ ఇరువురు బాలికలు ఇస్తాంబూలు విడిచినది తమ ఇష్టముచేత కాదు. "ఈ ఊరినుండి వెళ్ళిపోయినవారి కథ నేడు మీకు ఇంకను తగులును" అని మాత్రము చెప్పి ఆమె ఊరకుండెను.

కాదికోయిలో మధ్యాహ్నభోజనము చేతిపనివారి 'లొకాంతా'లో. మన పూటకూళ్ళ ఇంటివంటిది. ఉదయము వండిన కూరలు గాజు వెనుక వరుసగా నుండును. వ్రేలితో చూపి వడ్డించుకొనుటయే. చీటి చూపబోతిని. వంటవాడు చీటి చదువకయే నన్ను తేరిపార చూచి, ఒక మూలకు చేయి చాపెను. అచట నున్నవన్నియు ఆలివునూనెలో మ్రగ్గబెట్టి చల్లార్చి పెట్టిన శాకములు! చిక్కుడుకాయలు, ఆకుకూరలు, ద్రాక్షాకులలో చుట్టిన అన్నపు పొట్లములు. ఈ పొట్లములకు 'యలాంజి దోల్మా' అని పేరు, అబద్ధాలకోరు దోల్మా. లోపల మాంసము లేకున్నను ఉన్నట్లు నటించునని కాబోలు. వాని నడుమ నాకు తెలిసిన ముఖము ఒకటి. వంకాయ! నిలువున చీల్చి, ఉల్లి, వెల్లుల్లి, టొమాటో కూరి, నూనెలో ఒదిగించినది. పేరు 'ఇమామ్ బయిల్ది', అనగా ఇమాము మూర్ఛపోయెను. రుచికి మూర్ఛపోయెనని కొందరును, ఇల్లాలు పోసిన నూనె ఖరీదు విని మూర్ఛపోయెనని కొందరును చెప్పుదురు. మన గుత్తివంకాయకు ఇది దూరపు జ్ఞాతి; కారము లేని జ్ఞాతి. సంస్కృతమున వాతింగణమనబడిన శాకమే పారసీకులను, అరబ్బులను దాటి అచట 'పత్లిజాన్' అయినదని భాషావేత్తల మాట. గుత్తివంకాయ రుచి మరిగిన నాలుక, ఆ ఆలివునూనె మెత్తదనమునకు లొంగుటకు రెండు ముద్దలు పట్టినది. మూడవ ముద్దకు వాదము మానితిని.

ఇన్ని శాకములు కబాబుల దేశమున ఎట్లు పుట్టినవని అడిగితిని. నగరపు గ్రీకులును ఆర్మీనియనులును ఈస్టరుకు ముందు దీర్ఘకాలము ఉపవాసముండి మాంసము, నేయి, పాలు విడుతురు. ఆ దినములలో ఆలివునూనెయే వారికి ఆధారము. ఈ వంటకములలో చాలవాటికి ఆ ఉపవాసముల చేయి తగిలినదని ఆమె చెప్పెను. పొరుగింటి ఉపవాసము పొరుగింటివారికి రుచి మరపినదన్నమాట. సమీపముననే ఆర్మీనియనుల దేవాలయము, గ్రీకుల దేవాలయము రెండును చూచితిమి. తలుపులు మూసియున్నవి.

పిమ్మట మిఠాయి దుకాణము. తెల్లని పాలకోవవంటి ముద్ద నా ముందు పెట్టిరి. నేను చెంచా ఎత్తునంతలో ఆమె చటుక్కున పళ్ళెము లాగివేసెను. అది 'తావుక్ గోసు', కోడి రొమ్ముమాంసమును నారలుగా విడదీసి పాలు పంచదారలతో ఉడికించిన తీపి! ప్రాసాదపు వంటశాలనుండి వచ్చినదని దాని ప్రతిష్ఠ. జట్టువారు నవ్వి నవ్వి అలసిరి. చీటిమీది మూడవ మాటకు నేను మనసార నమస్కరించితిని.

దీపములు పెట్టువేళ ఒక 'మెయ్‌హానె' చేరితిమి. సారాయితో చిన్నచిన్న పళ్ళెముల వంటకములు నంజుకొను ఇల్లు. సారాయి నాకు పనికిరాదు, పళ్ళెములు పనికివచ్చినవి. అందొకటి 'తొపిక్'. సెనగలు ఉడికించి రుబ్బిన పిండిని ఒరవుగా చేసి, లోపల వేగిన ఉల్లి, నల్లద్రాక్ష, నువ్వులముద్ద, దాల్చిన కూరుదురు. మన పూర్ణము పద్ధతియే. అది ఆర్మీనియనుల ఉపవాసకాలపు వంట. చేయువారు నేడు ఊరిలో కొద్దిమంది.

అచట ఆమె పడవలో ఆపిన కథను పూర్తిచేసెను. 1923లో తుర్కీ, గ్రీసుల మధ్య ప్రజల మార్పిడి జరిగినప్పుడు ఇస్తాంబూలు గ్రీకులకు మినహాయింపు దొరకినది. నాడు వారు దాదాపు లక్షమంది. 1955 సెప్టెంబరు 6, 7 తేదీలలో మూకలు వారి దుకాణములను, ఇండ్లను, దేవాలయములను ధ్వంసము చేసినవి. 1964లో గ్రీసు పౌరసత్వము గలవారిని వేలాదిగా వెడలగొట్టిరి. ఇరువది కిలోల సామాను, ఇరువదిరెండు డాలర్ల సొమ్ము మాత్రమే తీసికొనిపోనిచ్చిరి. నేడు ఆ నగరమున మిగిలిన గ్రీకులు కొన్ని వేలు.

"మా అమ్మమ్మ పైయింటిలో ఒక గ్రీకు ఇల్లాలు ఉండెడిది" అని ఆమె చెప్పెను. "ప్రతి ఈస్టరుకు జడవలె అల్లిన రొట్టె ఒక పళ్ళెము క్రిందికి పంపెడిది. రంజానుకు మా అమ్మమ్మ పైకి పంపెడిది. 1964లో ఆమెను పంపివేసిరి. చేయు పద్ధతి అడుగవలెనని ఆ తొందరలో ఎవరికిని తోచలేదు. ఆ పిమ్మట మా అమ్మమ్మ ఏండ్ల తరబడి వాసన గుర్తుపెట్టుకొని చేసి చూచెను. మాకు బాగుగనే ఉండెడిది. ఆమె మాత్రము తలయూపి, 'ఇది పైయింటిది కాదు' అనెడిది. కడవరకు అదే మాట."

ఆ రొట్టెను నేడు ఊరిలో ప్రతి రొట్టెల దుకాణమును అమ్మును. పేరు 'పస్కల్యా చోరెయి', ఈస్టరు రొట్టె అనియే. శీతకాలములో ఈస్టరు రొట్టె ఏమిటని అడిగితిని. "దానికి ఇప్పుడు పండుగ లేదు. ఏడాది పొడవునను చేయుదురు" అనెను.

రేవులో వీడుకోలు చెప్పుచు, మా జట్టు స్త్రీలు ఆమెకు ఆ దినమున నేర్చుకొన్న మాటనే చెప్పిరి: 'ఎలినిజె సాలిక్', మీ చేతికి ఆరోగ్యము కలుగుగాక. వండినవారికి చెప్పవలసిన మాట అది. ఆమె వండినది లేదు గదా అని నేననుకొంటిని. అంతలో ఆమె సంచిలోనుండి కాగితపు పొట్లము తీసి నా చేతిలో పెట్టెను. "మా అమ్మ చేసినది" అనెను.

పడవ కదలినది. పొట్లము ఇంకను కొంచెము వెచ్చగనే ఉన్నది. విప్పగా జడ అల్లిక, పైన నిగనిగలాడు పూత, అడవి చెర్రీ గింజల వాసన, దానితో కలిసిన ఏదో జిగురు పరిమళము. గ్రుడ్డు వేసిరా అని నేను అడుగలేదు.