తీరిక వేళల ధనార్జనము: నమ్మదగిన దెంత?

గృహిణికి తీరిక యెక్కడిదని కొందఱు నవ్వుదురు. అయినను మధ్యాహ్న భోజనములు ముగిసి, వంటయిల్లు సర్దుకొని, పిల్లలు బడినుండి మరలి వచ్చులోపల ఒక గంటయో, గంటన్నరయో మనదియని చెప్పుకొనదగిన కాలము ప్రతి యింటను కొంత కలదు. మన పెద్దలు ఆ వేళ వత్తులు చేసికొనిరి, విస్తళ్లు కుట్టిరి, పురాణము చదువుకొనిరి. నేడు ఆ వేళకు చేతిఫోను కూడ వచ్చి చేరినది. "ఇంట గూర్చుండియే సంపాదింపుడు, నాలుగు ప్రశ్నలకు జవాబులు చెప్పుడు, ఈ యాప్‌ను దింపుకొనుడు, దినమునకు వేయి రూపాయలు మీవి" అను ప్రకటనలు అందు కనబడని దినము లేదు.

నాలుగు రూపాయలు స్వయముగా గడింపవలయునని కోరుట తప్పు కాదు. పిల్లవాని పుస్తకమునకో, పుట్టినింటివారికి పెట్టు చీరకో మఱియొకరి చేయి చూడక ఇయ్యగలుగుటలోని సంతోషము మనకు దెలియనిది కాదు. కావుననే ఈ ప్రకటనలలో ఏది నిజమో, ఏది వంచనయో తెలిసికొనుట అవసరము. ఇందు రెండు తెఱగుల పనులు గలవు. ఒకటి నిజమైనది, దాని లాభము స్వల్పము. రెండవది గొప్ప లాభమును జూపునది. అది నిజము కాదు. ఈ రెండును ఒకే వేషమున వచ్చుటయే చిక్కు.

మన అభిప్రాయమునకు వెల యేల?

మన జవాబునకు ఒకరు డబ్బేల యిత్తురు? ఒక కంపెనీ క్రొత్త సబ్బును చేయదలచినదనుకొందము. దాని వాసన యెట్లుండవలెను, పొట్లము ఏ రంగుదై యుండవలెను, వెల యెంతైన కొందురు అని తెలియక లక్షల సబ్బులు చేసి అంగళ్లకు బంపినచో, అవి అమ్ముడుపోనినాడు నష్టము కోట్లలో నుండును. అంతకంటె ముందుగా కొన్ని వందలమంది గృహిణులను అడిగి తెలిసికొనుట చవుక. ఈ పనిని మార్కెట్ పరిశోధన సంస్థలు చేయును. పూర్వము వారి మనుష్యులు కాగితములు చేతబట్టి యింటింటికి వచ్చెడివారు. ఇప్పుడు ఫోనులోనే అడుగుచున్నారు. ఇదియే సర్వే.

కంపెనీ యిచ్చు సొమ్ములో సంస్థ తన వ్యయమును, లాభమును తీసికొని, మిగిలిన చిన్న భాగమును జవాబు చెప్పినవారికి పాయింట్ల రూపమున నిచ్చును. అవి యొక నిర్ణీత సంఖ్యకు జేరిన పిదప గిఫ్టుకార్డుగానో, రొక్కముగానో మాఱును. గూగుల్ వారి ఒపీనియన్ రివార్డ్స్ ఇట్టిదే. అది 2013లో అమెరికాలో మొదలై 2017లో మన దేశమునకు వచ్చినది. ఆండ్రాయిడ్ ఫోనులలో దాని ప్రతిఫలము చేతికి వచ్చు రొక్కము కాదు; ఆ సంస్థ ప్లే అంగడిలోనే వెచ్చింపదగిన నిలువ మాత్రమే.

ఆఫరులన్నవి దీనికి తోబుట్టువులు. ఒక యాప్‌ను దింపుకొని పేరు నమోదు చేసికొన్నను, ఒక సేవను నెల దినములు ఉచితముగా వాడుట కొప్పుకొన్నను ఇంత యిత్తుమందురు. క్రొత్త ఖాతాదారును తెచ్చినందుకు వ్యాపారి మధ్యవర్తికి రుసుము చెల్లించును. అందొక పాలు మనది. అయితే నెల ముగియగానే ఆ ఉచితము చందాగా మాఱి, మన ఖాతానుండి సొమ్ము తనంత తానే పోవుట గలదు. కార్డులమీద ఇట్లు మరల మరల తీసికొను సొమ్మునుగూర్చి 24 గంటలు ముందుగా ఖాతాదారునకు వర్తమానము పంపవలయునను రిజర్వు బ్యాంకు నియమము 2021 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చినది. ఆ వర్తమానమును చదువక త్రోసివేసిన యిల్లాలు 50 రూపాయల బహుమానము కొఱకు 500 రూపాయల చందా చెల్లించును.

మా లెక్కపుస్తకము

కడచిన సంవత్సరము ఒక నెల దినములు మేమే ఈ పనిని చేసి చూచితిమి. పాలవాని లెక్క వ్రాయు పుస్తకములోనే ఒక పుటను దీనికి విడిచి, ప్రతిదినము పట్టిన కాలమును, వచ్చిన పాయింట్లను వ్రాసికొంటిమి. ఆ నెలలో 41 సర్వేలు మొదలుపెట్టితిమి. వానిలో 23 నడుమనే మమ్ము త్రిప్పి పంపినవి. ఏలనన, అడుగువారికి ఒకమాఱు కారుగలవారు కావలెను. మఱియొకమాఱు చంటిపిల్లల తల్లులు కావలెను. పది ప్రశ్నలు అడిగిన పిదపగాని మనము వారికి బనికిరామని తేలదు. ఆ పది ప్రశ్నల కాలమునకు వెల లేదు. తక్కిన 18 పూర్తిచేసితిమి. మొత్తము పట్టిన కాలము 19 గంటలు. వచ్చిన పాయింట్ల విలువ 276 రూపాయలు. గంటకు 15 రూపాయలైనను పడలేదు. 300 నిండినగాని తీసికొన వీలులేదను నిబంధనచే మఱియొక వారము కూర్చుండవలసి వచ్చినది. మా వీధిలో చీరలకు ఫాలు కుట్టియిచ్చు అమ్మాయి ఒక్క చీరకే మా గంటకూలికంటె నెక్కువ గడించును.

ఇది మా యొక్కరి యనుభవమే కాదు. అమెజాన్ వారి మెకానికల్ టర్క్ అను చిన్నపనుల సంత 2005లో మొదలైనది. సర్వేలు నింపుట అందలి పనులలో నొకటి. అందు పనిచేసిన 2,676 మంది సంపాదనను పరిశోధకులు లెక్కగట్టి 2018లో ప్రకటించిరి. వారందఱిని ఆదాయక్రమమున నిలిపినచో సరిగా నడుమ నుండువానికి గంటకు వచ్చినది సుమారు 2 డాలర్లు. అమెరికా కేంద్రప్రభుత్వపు కనీసవేతనమగు 7.25 డాలర్లకు మించి గడించినవారు నూటికి నలుగురే. పని వెదకుకొనుటకును, చేసిన పని తిరస్కరింపబడుటవలనను వ్యర్థమైన కాలమే ఆ కూలిని తగ్గించినది.

కావున నిజమైన సర్వే నెలకు రెండు మూడు వందలు తెచ్చినను సంతోషింపవలసినదే. సంసారమునకు అది ఆధారము కాజాలదు. "దినమునకు వేయి" అని యెవరన్నను, ఆ వేయి యెవరి సంచిలోనుండి వచ్చునని మొదట అడుగవలయును.

డబ్బు కట్టించుకొను పని

2010లో స్పీక్ ఏషియా అను సింగపూరు కంపెనీ సర్వేల పేర మన దేశమున వ్యాపారము మొదలుపెట్టినది. 11,000 రూపాయల చందా కట్టినవారికి వారమునకు రెండు సర్వేలు, ఒక్కొక్కదానికి 500 రూపాయలు అని చెప్పిరి. లెక్క చూడుడు: 11 వారములలో పెట్టిన సొమ్ము తిరిగివచ్చును, ఏడాదికి 52,000 రూపాయలు! క్రొత్తవారిని చేర్చినవారికి వేఱుగా రాబడి. లక్షలమంది చేరిరి. 2011లో చెల్లింపులు నిలిచిపోయినవి. ముంబయి పోలీసులు మోసపు కేసు నమోదు చేసిరి. వ్యవహారము సుప్రీంకోర్టువఱకు బోయినది.

పొలమున నాట్లు వేయు కూలివనిత ముందుగా ఆసామికి డబ్బు కట్టి చేలోనికి దిగునా? పనిచేసినవారు కూలి పుచ్చుకొందురు గాని కూలి చెల్లింపరు. ఈ యొక్క మాట మనస్సున నుంచుకొన్నచో నూటికి తొంబది మోసములు మన గడప త్రొక్కవని మా నమ్మకము.

నేడు ఆ మోసమునకు వేషము మాఱినది. చందా యనరు, "టాస్కు" అందురు. ఇట్టి టాస్కుల, పెట్టుబడుల మోసములు చేయుచున్న 100కు పైగా వెబ్‌సైట్లను మూయించినట్లు 2023 డిసెంబరు 6న కేంద్ర హోంశాఖ ప్రకటించినది. విశ్రాంతోద్యోగులు, స్త్రీలు, ఉద్యోగము లేని యువజనులు వీరికి గుఱియని ఆ ప్రకటనలోనే యున్నది. ప్రకటనను నొక్కగానే ఒకరు వాట్సాప్‌లోనో, టెలిగ్రామ్‌లోనో పలుకరింతురు. ఒక వీడియోను మెచ్చుకొమ్మందురు. చూడని హోటలునకు మంచి మార్కులు వేయుమందురు. మొదట నిజముగనే కొంత యిత్తురు. పిదప కొంత కట్టినచో ఎక్కువ వచ్చునందురు. పెద్దమొత్తము కట్టిన దినమున ద్వారము మూసివేయుదురు.

ఇది వినినప్పుడెల్ల మాకు చిన్ననాడు నీతిచంద్రికలో చదివిన ముసలిపులి కథ జ్ఞప్తికి వచ్చును. ఆ పులి బంగారు కంకణమును చేతబట్టి దానము చేసెదనని బాటసారిని పిలిచినది. అతడు మొదట శంకించెను. పులి ధర్మములు చెప్పి నమ్మించినది. స్నానము చేసి పుచ్చుకొమ్మనగా కొలనులో దిగి బురదలో దిగబడినాడు. అతనిని చంపినది పులి యైనను, కదలనీయక పట్టినది ఆ బురద. పోయిన సొమ్మును రాబట్టుకొనుటకు మఱికొంత కట్టుటయే ఈ కాలపు బురద.

ఒక సోదరి కథ

మా యెదురింటి సోదరి ఆ బురదలో దిగినది. మొదటి దినము హోటళ్లకు మార్కులు వేసినందుకు ఆమె ఖాతాలో 150 రూపాయలు పడినవి. మూడవ దినము 1,000 కట్టగా 1,300 వచ్చినవి. పిదప 5,000 కట్టెను. "మూడు టాస్కులు కలిపి ముగించినగాని రాదు" అనిరి. 18,000 కట్టెను, "పన్ను బాకీ యున్నది" అనిరి. మెడలోని గొలుసును కుదువబెట్టి 40,000 కట్టెను. అటుపిమ్మట బదులు లేదు. 63,000 రూపాయలు పోయినవి.

అంతకంటె ఘోరమైనది ఆ తరువాతి మూడు దినముల మౌనము. అన్నము వండినది, పిల్లలకు జడలు వేసినది, ఎవరితోను నోరు విప్పలేదు. నాల్గవనాడు మా యింటికి వచ్చి, "వదినగారూ, ఈ సంగతి ఆయన చెవిని బడినచో నే నెట్లు తలయెత్తుకొందును?" అని విలపించెను. "ముందు ఫోను చేయుదము, పిదప ఏడ్చుదము" అంటిమి. ఇద్దఱము కూర్చుండి 1930 నంబరునకు ఫోను చేసి, సొమ్ము పంపిన తేదీలను, లావాదేవీల సంఖ్యలను చెప్పితిమి. దొంగల ఖాతాలలో ఇంకను మిగిలియున్న 11,000 రూపాయలను బ్యాంకువారు ఆపివేసిరి. తక్కినది అంతకు మునుపే చేతులు మాఱిపోయినది. మొదటి రాత్రియే నోరు విప్పియుండినచో ఎంత దక్కెడిదో!

ఆ సాయంకాలము భర్తకును చెప్పినది. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "గొలుసు మరల చేయించుకొందము. మూడు దినములు ఒంటరిగా బాధపడితివే, అది నాకు కష్టముగా నున్నది" అనెను. అందఱు భర్తలును ఇట్లే పలుకుదురని మేము చెప్పజాలము. కాని మౌనమువలన లాభము పొందువాడు దొంగ యొక్కడే.

గడప దాటనీయరాని విషయములు

సర్వేలు నింపదలచిన సోదరీమణులకు మా మనవులు ఇవి. డబ్బు కట్టుమన్న క్షణముననే ఆ పనిని విడువుడు. సొమ్ము మన ఖాతాలో పడుటకు యూపీఐ పిన్నుతో బనిలేదు. పిన్ను నొక్కినచో సొమ్ము పోవునే కాని రాదు. ఓటీపీని, ఆధార్ సంఖ్యను, బ్యాంకు వివరములను సర్వేలో వ్రాయకుడు. ఏ సబ్బు వాడుదురన్న ప్రశ్నకు జవాబు మనది. పెనిమిటి జీతము, అత్తగారి వ్యాధి, పిల్లల బడి పేరు మన యొక్కరివి కావు. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మన సమ్మతిని మూలముగా జేసికొన్నది. ఆ సమ్మతిని చదువక యిచ్చివేయుట మన తప్పగును.

"మీ బ్యాంకు ఖాతాను మాకు వాడుకొననిండు, నెలకింత యిత్తుము" అనువారిని దరికి జేరనీయకుడు. దొంగసొమ్ము ఆ ఖాతాగుండ నడచినచో పోలీసులు మొదట వచ్చునది మన యింటికే. తినని పిండివంటను మెచ్చుకొనుచు వ్రాయుటకు కూలి పుచ్చుకొనకుడు. దానిని నమ్మి కొనునది మనవంటి యిల్లాలే గదా.

మోసపోయితిమని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయుడు. లేదా సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ చిరునామాలో ఫిర్యాదు వ్రాయుడు. సొమ్ము ఖాతానుండి ఖాతాకు పరుగిడుచుండును. మనము సిగ్గుపడుచు కూర్చున్న ప్రతి గంటయు దానికి దారి యిచ్చుటయే.

మా పుస్తకములో ఆ పుట యింకను ఉన్నది. 300 రూపాయలు నిండినపుడు ఒక గిఫ్టుకార్డు వచ్చినది. దానితో పిల్లలకు రంగుపెన్సిళ్లు తెప్పించితిమి. అంతటితో ఆ పని చాలించితిమి. చేయగోరు సోదరి చేయవచ్చును. కాని ప్రక్కన ఒక పుస్తకముంచుకొని గంటలను కూడ వ్రాసికొనవలయును. ఇంట నుండు స్త్రీ కాలమునకు వెల లేదని లోకము తలచుచున్నది. మన గంటకు వెల గట్టుట మనమే మొదలుపెట్టినచో, దానిని చవుకగా కొనువానిని, దొంగిలింపవచ్చువానిని కూడ గుర్తుపట్టగలము.