వైరుగుండా ఊపిరి పీల్చే సెన్సర్

కారు పాతబడే కొద్దీ దాని జబ్బులన్నిటికీ సెన్సర్ల పేర్లు పెట్టడం మనకు అలవాటైపోయింది. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కుర్రవాడు ఇరవయ్యేళ్ల నాటి టర్బో పెట్రోలు కారును ముచ్చటపడి కొంటాడు. కొన్నాళ్లకు ఇంజిన్ లైటు వెలుగుతుంది. పికప్ పడిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మిస్సింగ్ కొడుతుంది. మూసాపేటలో ఏదో ఒక షెడ్డుకు తీసుకెళితే స్కానర్ తగిలిస్తారు. ‘ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చింది సార్, మారిస్తే అయిపోతది’ అంటారు. వేలు పోసి మారుస్తారు. వారం తిరక్కుండా ఆ లైటే మళ్లీ వెలుగుతుంది.

ఇలా పాడు కాకముందే చెత్తబుట్టలో పడే సెన్సర్లు ఎన్నో. ఈ సెన్సర్ ఎలా పుట్టిందో, ఎలా పనిచేస్తుందో తెలిస్తే ముందు చెయ్యి వెళ్లాల్సింది దాని వైరు మీదికని అర్థమవుతుంది.

ఈ కథ మొదలైంది కారులో కాదు, దీపంలో. జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లో ఒక సూత్రం ఇచ్చాడు. రెండు వైపులా ఒకే పదార్థం ఎక్కువ తక్కువలుగా ఉంటే, ఆ తేడా ఎంత వోల్టేజీని పుట్టిస్తుందో ఆ సూత్రం చెబుతుంది. 1897లో ఆయనే ఒక పింగాణీ లాంటి కడ్డీని దీపంగా వెలిగించాడు. జిర్కోనియం ఆక్సైడులో కొద్దిగా యిట్రియం ఆక్సైడు కలిపి చేసిన ఆ కడ్డీ చల్లగా ఉన్నప్పుడు కరెంటును పోనివ్వదు, బాగా వేడెక్కితే పోనిస్తుంది. ఏఈజీ కంపెనీ ఆ పేటెంటును పది లక్షల మార్కులకు కొంది. టంగ్‌స్టన్ బల్బులు వచ్చాక దీపం మూలపడింది. నెర్న్‌స్ట్‌కు 1920 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. కార్లంటే ఆయనకు మహా ఇష్టం. అయినా తన సూత్రమూ, తన పింగాణీ కలిసి ఒకనాడు కారు పొగగొట్టంలో కూర్చుంటాయని ఆయన ఊహించి ఉండడు.

ఆ కలయికకు దారి చూపింది కాలిఫోర్నియా పొగమంచు. వాహనాల విషవాయువుల మీద అక్కడ ఆంక్షలు బిగిశాయి. మూడు రకాల విషాలనూ ఒకేసారి శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తయారైంది గానీ, దానికి పట్టింపు ఎక్కువ. కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి అందాలి. ఆ లెక్క కొంచెం అటూ ఇటూ అయినా పని చెడుతుంది. కార్బురేటరుకు అంత నిక్కచ్చితనం లేదు. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో క్షణక్షణమూ చూసి చెప్పేది ఒకటి కావాలి. బాష్ కంపెనీ 1976లో అలాంటి సెన్సర్ల ఉత్పత్తి మొదలుపెట్టింది, వోల్వో కార్లలో అవి ముందుగా అమెరికా రోడ్లెక్కాయి.

లోపల ఉన్నది ఆ జిర్కోనియా పింగాణీయే. ఒక వైపు బయటి గాలి, రెండో వైపు ఇంజిన్ పొగ. మూడు వందల డిగ్రీలు దాటి వేడెక్కితే ఆక్సిజన్ అయాన్లు దానిగుండా కదులుతాయి. పొగలో ఆక్సిజన్ లేకపోతే, అంటే పెట్రోలు ఎక్కువైతే, 0.8 నుంచి 0.9 వోల్టులు పుడతాయి. ఆక్సిజన్ మిగిలితే 0.1 దగ్గరికి పడిపోతుంది. ఇంజిన్ కంప్యూటర్ ఆ సంకేతాన్ని బట్టి పెట్రోలు కాస్త తగ్గిస్తుంది, కాస్త పెంచుతుంది. సంకేతం అలా పైకీ కిందికీ ఊగుతూ ఉండటమే ఆరోగ్యం.

ఈ జిర్కోనియంతో మన హైదరాబాదుకు పాత చుట్టరికం ఉంది. మౌలాలి దగ్గర 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ సముద్ర తీరపు ఇసుకలోని జిర్కాన్‌ను శుద్ధి చేసి అణు ఇంధనానికి తొడుగులు చేస్తోంది. భీమిలి తీరపు ఇసుకలోనూ ఆ ఖనిజం ఉంది. ఇంత దగ్గరి పదార్థం గురించి మన బడి పుస్తకాల్లో ఇంకొంచెం చెబితే బాగుండుననిపిస్తుంది.

మళ్లీ వైరు దగ్గరికి వద్దాం. మొదటి సెన్సర్లకు ఒక్కటే వైరు. తిరుగు దారి పొగగొట్టమూ, ఇంజిన్ ఇనుమూ, ఇంజిన్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఎర్త్ పట్టీ. ఆ పట్టీ తుప్పు పడితే ఆల్టర్నేటర్ కరెంటు వల్ల దాని మీద పావు వోల్టు దాకా తేడా పుట్టవచ్చు. హెడ్‌లైటులో పావు వోల్టు తగ్గితే కంటికి తెలియదు. మొత్తం సంకేతమే ఒక్క వోల్టు లోపున్న చోట ఆ పావు వోల్టుతో లెక్కంతా తలకిందులవుతుంది. 1982లో లోపల హీటరు చేర్చారు, వైర్లు మూడయ్యాయి. తర్వాత సంకేతానికి సొంత ఎర్త్ ఇచ్చి నాలుగు చేశారు. ఎర్త్ గొడవ తప్పించడానికే ఆ నాలుగో వైరు వచ్చింది.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే సంగతి వేరే ఉంది. పోల్చి చూసుకోవడానికి సెన్సరుకు బయటి గాలి కావాలి కదా! తర్వాతి సెన్సర్లలో చాలావాటికి ఆ గాలి వైరు లోపలి రాగి పోగుల సందుల్లోంచే అందుతుంది. ఆ వైరును కత్తిరించి సీసంతో అతికితే పోగుల సందులు మూసుకుపోతాయి. కప్లర్లో గ్రీజు దట్టించినా, స్ప్రే కొట్టినా ఆ ఆవిరి లోపలికి చేరి గాలిని చెడగొడుతుంది. అప్పుడు సెన్సర్ పెట్రోలు తక్కువైందని తప్పుగా చెబుతుంది. కంప్యూటర్ ఇంకా పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. మంచి ఉద్దేశంతో చేసిన అతుకే సెన్సర్ గొంతు నొక్కుతుంది. వీలైతే సరైన కప్లర్‌తోనే బిగించాలి, తప్పనిసరైతే అతక్కుండా క్రింప్ చేయాలి.

పాత స్పోర్ట్స్ కారులో ఈ ముప్పు మరీ ఎక్కువ. ఇరుకు బానెట్ కింద టర్బో వేడికి వైరు తొడుగు పెళుసెక్కి చిట్లుతుంది. అపార్ట్‌మెంటు సెల్లార్లలో ఎలుకలు కొరుకుతాయి. వానకాలపు నీళ్లు కప్లర్లలో చేరి పిన్నులు పచ్చబారతాయి. చెదపట్టిన దూలంలా పైకి నున్నగా ఉన్న వైరు లోపల పొడిపొడిగా ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ బాడీ కార్లకు ఇంకో చిక్కుంది. బాడీ కరెంటును మోయదు కాబట్టి ప్రతి దీపానికీ, ప్రతి మోటారుకీ విడిగా ఎర్త్ వైరు లాగాల్సిందే.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే కార్లు కూడా షెడ్లకు వస్తుంటాయి. అక్కడ ముందు చూడాల్సింది ఇంజిన్ తిరుగుడును గమనించే క్రాంక్ సెన్సర్ వైపు. చాలా ఇంజిన్లలో అరవై పళ్ల చక్రంలో రెండు పళ్లు ఖాళీగా వదిలేస్తారు, ఆ ఖాళీని బట్టే క్రాంక్ ఏ స్థానంలో ఉందో కంప్యూటర్ పట్టుకుంటుంది. సెన్సర్ లోపలి కాయిలు వేడికి తెగినట్టయినా, వైరు చిట్లినా లక్షణాలు ఒకటే. ఇంజిన్ వేడిగా ఉండగానే మీటరు పెట్టి చూడాలి.

మన దేశంలో ఓబీడీ (కారు తన లోపాలను తానే పసిగట్టి కోడ్‌గా చూపే వ్యవస్థ) మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు కార్లలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి కాబట్టి రోడ్డు పక్క స్కానరుకు అన్నీ చిక్కవు. చిక్కినా, సంకేతం తేడాగా వస్తోందనే కోడ్ చెబుతుంది. తేడా సెన్సర్లో ఉందో, హీటర్ ఫ్యూజులో ఉందో, ఎర్త్‌లో ఉందో, పొగగొట్టం చిల్లులోంచి దూరే గాలిలో ఉందో మనిషే వెతకాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ ఇనుముకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటరు పెట్టి, 0.2 వోల్టులు దాటి చూపిస్తే ముందు ఆ ఎర్త్ సంగతి చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా వైర్ల కట్టను మెల్లగా కదుపుతూ సంకేతం ఎక్కడ తెగుతుందో గమనించాలి.

దీనికి గంటలు పడుతుంది. ఇక్కడే మన తీరు నాకు బాధ కలిగిస్తుంది. పార్టు మారిస్తే అడిగినంతా ఇస్తాం. రెండు గంటలు కారు కింద పడుకుని తెగిన పోగును పట్టుకున్న ఎలక్ట్రీషియన్‌కు మాత్రం ‘ఒక వైరే కదా’ అని చేతిలో కొద్దిగా పెడతాం. అందుకే షెడ్లలో పార్టులు మార్చే పనే పెరుగుతోంది, వెతికే నేర్పు తగ్గిపోతోంది. వెతికిన గంటలకు కూలీ ఎంతో ముందే మాట్లాడుకోండి. పని అయ్యాక స్కానర్ తెర మీద కన్వర్టరుకు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ సంకేతం చూపించమని అడగండి. ఇంజిన్ వేడెక్కి 2000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా నడుస్తున్నప్పుడు, పైన చెప్పుకున్న పాత రకం సెన్సర్ అంకె 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతూ ఉంటే, కోడ్ చెరిపి బండి ఇంటికి తీసుకెళ్లవచ్చు.