వంత పాడే ఫ్యాన్స్

రాక్ బ్యాండ్‌కి జీవితాంతం ఫ్యాన్స్‌గా ఉండిపోయేవాళ్ల గురించి వింటూ ఉంటాం. మా ఉత్తరాంధ్రలోనూ అలాంటివాళ్లున్నారు. కాకపోతే వాళ్ల బ్యాండ్‌లో గిటార్ లేదు, డప్పూ గజ్జెలూ ఉన్నాయి. ఆ బ్యాండ్ జననాట్యమండలి, వాళ్ల హీరో వంగపండు ప్రసాదరావు.

వంగపండు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేశారు. 1972లో జననాట్యమండలి మొదలుపెట్టినవాళ్లలో ఆయనొకరు. 300కు పైగా పాటలు రాసి, 2020 ఆగస్టు 4న చనిపోయారు.

మరి ఆ అభిమానం ఇన్నేళ్లు ఎలా నిలిచింది? నాకు కనిపించే కారణం వంత. ఒకరు పాట ఎత్తుకుంటారు, పక్కనున్నవాళ్లు అదే ముక్క తిరిగి పాడతారు. కాసేపటికి ఎదురుగా కూర్చున్న జనం కూడా అందుకుంటారు. వినడానికొచ్చినవాడు పాడేవాడై ఇంటికెళ్తాడు. ఇంక క్యాసెట్‌తో పనిలేదు, పాట వాడి నోట్లోనే ఉంటుంది. ఆఫ్‌లైన్ మోడ్ అంటే అదే!

ఇంకోటి యాస. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాట తెలుసు కదా. ‘ఎల్దమొస్తవ’ అంటే ‘వెళ్దాం, వస్తావా’ అని. నేను చదివిన ఇంగ్లీష్ మీడియం స్కూల్లో ఎవరైనా ‘ఎల్దాం’ అంటే క్లాసంతా నవ్వేది. మా మావయ్య మాత్రం అదే మాటని కుర్రాడిగా ఉన్నప్పుడు మైకులో విన్నాడు, ఊరంతా కలిసి పాడుతుంటే తనూ పాడాడు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు నాయకుల్ని మార్చాడు గానీ పాటని మార్చలేదు.

ఇప్పటికీ ఆయన ఎత్తుకుంటే నేను వంత పాడతాను. పాటలో ‘ఎల్దం’ బాగానే వస్తుంది. క్యాంపస్ గేటు దాటగానే ‘వెళ్దాం’ అయిపోతుంది.