మనవాడైతే..?

మీ ప్రాణస్నేహితుడు కారు నడుపుతున్నాడు. మీరు పక్కసీట్లో ఉన్నారు. గంటకి 20 మైళ్లు దాటకూడదని బోర్డున్న వీధి. మీవాడు 35 మైళ్ల వేగంతో వెళ్తూ ఎవరో పాదచారిని గుద్దేశాడు. చూసినవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు. ‘20లోనే వెళ్తున్నాడని మీరు ప్రమాణం చేసి చెబితే చాలు, పెద్ద శిక్ష తప్పిపోతుంది’ అంటున్నాడు లాయరు.

చెబుతారా?

‘ఛ, అబద్ధమా!’ అనేముందు ఆ స్నేహితుడి స్థానంలో మీకు బాగా కావాల్సిన మనిషిని ఒకసారి ఊహించుకుని చూడండి.

ఈ కథని 1951లో స్టూఫర్, టోబీ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు తమ పరిశోధనలో వాడారు. తర్వాత దాన్ని దేశదేశాల ఉద్యోగుల ముందు పెట్టి జవాబులు రాబట్టినాయన ఫాన్స్ ట్రాంపెనార్స్, డచ్ మేనేజ్‌మెంట్ నిపుణుడు. స్విట్జర్లాండ్, అమెరికా, కెనడాల్లో నూటికి 90 మందికి పైగా అబద్ధం చెప్పేది లేదన్నారు. దక్షిణ కొరియా, వెనిజులాల్లో ఆ మాట అన్నవాళ్లు 40 మంది కూడా లేరు. మరి మనవాళ్లో? ఇంచుమించు సగం సగం!

అసలు తమాషా ఇంకోటుంది. దెబ్బ తగిలిన మనిషి పరిస్థితి విషమంగా ఉందని చెబితే, కొన్ని దేశాలవాళ్లు ‘అయితే నిజమే చెప్పి తీరాలి’ అన్నారు. ఇంకొన్ని దేశాలవాళ్లేమో ‘అయ్యో, ఇప్పుడే కదా మావాడికి నా అవసరం’ అన్నారు. కారణం ఒకటే, తీర్పులు రెండు. స్నేహితుడికే సాయం చేయనివాణ్ని ఎలా నమ్మడమని వీళ్లు, స్నేహితుడి కోసం అబద్ధమాడేవాణ్ని ఎలా నమ్మడమని వాళ్లు! ఇద్దరూ నీతి గురించే మాట్లాడుతున్నారు మరి.

మెట్లు ఎక్కినవాడెవడు?

మనిషిలో నీతి ఎలా పెరుగుతుందన్న ప్రశ్నకి చాలాకాలం లారెన్స్ కోల్‌బర్గ్ చెప్పిందే వేదం. 1950ల్లో షికాగో కుర్రాళ్లకి ఆయనో కథ చెప్పాడు. భార్య చావుబతుకుల్లో ఉంది. 200 డాలర్ల ఖర్చుతో తయారయ్యే మందుని దుకాణదారు 2000కి తక్కువైతే ఇవ్వనంటున్నాడు. భర్త దొంగతనం చేయొచ్చా? చేయొచ్చా కూడదా అన్నది కాదు, ఎందుకన్నదే ఆయనకి ముఖ్యం. ఆ జవాబుల్ని బట్టి ఆరు మెట్లు కట్టాడు. శిక్షకి భయపడటం కిందిమెట్టు. సర్వమానవులకీ వర్తించే న్యాయం పైమెట్టు. అయినవాళ్ల దగ్గర మంచి అనిపించుకోవడం మూడోది.

అక్కడే వచ్చింది పేచీ. తన శిష్యుల్నీ మేనల్లుళ్లనీ ఇరుగుపొరుగునీ మోసుకుంటూ బతికే మనిషి ఈ లెక్కన మధ్యమెట్టు మీదే ఆగిపోయినట్టేనా? ఆయన సహోద్యోగి కెరోల్ గిల్లిగన్ 1982లో రాసిన పుస్తకంలో ఆడవాళ్ల తరఫున దాదాపు ఇదే ప్రశ్న అడిగింది.

మన దేశం తరఫున జవాబు మైసూరు నుంచి వెళ్లింది. జోన్ మిల్లర్, డేవిడ్ బెర్సాఫ్ అనే పరిశోధకులు అమెరికాలోని న్యూహేవెన్‌లోనూ, మన మైసూరులోనూ పిల్లల్నీ పెద్దల్నీ కూర్చోబెట్టి కథలు చెప్పారు. వాటిలో ఒకటిది. స్నేహితుడి పెళ్లికి ఉంగరాలు తీసుకెళ్తున్న మనిషి పర్సు పోగొట్టుకున్నాడు. ఈ రైలు తప్పితే ఉంగరాలు వేళకి అందవు. పక్కనున్న పెద్దమనిషి కోటు జేబులోంచి టిక్కెట్ కనిపిస్తోంది. ఆయన దగ్గర ఇంకో టిక్కెట్‌కి సరిపడా డబ్బుంది కూడా. తీసుకోవచ్చా?

అమెరికన్లలో ఎక్కువమంది కూడదన్నారు. పెళ్లికి వేళకి అందడం మంచిదే కానీ, అది అతని సొంత విషయమని వాళ్ల వాదన. మైసూరువాళ్లలో అత్యధికులు తీసుకోవాల్సిందే అన్నారు. దొంగతనం మంచిదని కాదు, మాటిచ్చిన స్నేహితుణ్ని పెళ్లిపీటల దగ్గర వదిలేయడం అంతకంటే పెద్ద తప్పని! 1992లో అచ్చయిన ఈ ఫలితాలు చదివితే మనకి కాస్త గర్వంగానే ఉంటుంది.

నాకూ అనిపించింది. కానీ ఆ టిక్కెట్ పోయిన పెద్దమనిషి సంగతి? కారు కింద పడ్డ పాదచారి సంగతి? ఈ కథలన్నిటిలోనూ స్నేహితుడికి మనం వెంటనే ఓ ముఖం తగిలించేస్తాం. రెండో మనిషికి మాత్రం పేరుండదు, ఊరుండదు.

సంస్కృతి ఒక్కటే అయితే...

సంస్కృతే అన్నిటికీ కారణమని సరిపెట్టుకుందామా అంటే న్యూయార్క్ కథ అడ్డొస్తుంది. ఐక్యరాజ్యసమితిలో పనిచేసే విదేశీ దౌత్యవేత్తలు కారు ఎక్కడ ఆపినా జరిమానా కట్టక్కర్లేని రోజులవి. 1997 నుంచి 2002 దాకా లక్షన్నరకి పైగా చలానాలు అలాగే ఉండిపోయాయి. ఫిస్‌మన్, మిగెల్ అనే ఆర్థికవేత్తలు వాటిని దేశాలవారీగా లెక్కగట్టారు. కువైట్ వాళ్లవి మనిషికి ఏడాదికి 246. స్వీడన్, నార్వే, జపాన్‌ వాళ్లవి సున్నా. ఇంటి అలవాటు సముద్రం దాటొచ్చిందన్నమాట! అయితే 2002 చివర్లో, బకాయిలుంటే దౌత్య నంబరు ప్లేట్లు పీకేసే అధికారం నగరానికొచ్చింది. ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి.

హైదరాబాద్‌లో ఈ పాఠం చాలా ఖరీదుగా వచ్చింది. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు కొడుకులు నడుపుతున్న మేటాస్ కంపెనీల్ని సుమారు 160 కోట్ల డాలర్లకి కొనాలని నిర్ణయించింది. వాటాదారుల్ని మాత్రం అడగలేదు. వాళ్లు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. లెక్కల్లో ఉండి ఖజానాలో లేని డబ్బుని సర్దడానికి అదే ఆఖరి ప్రయత్నమని 2009 జనవరి 7 నాటి లేఖలో ఆయనే ఒప్పుకున్నారు. 2013లో వచ్చిన కంపెనీల చట్టం, సంబంధీకులతో చేసే పెద్ద లావాదేవీలకి వాటాదారుల అనుమతి ఉండాలంది. ఆ ఓటింగ్‌లో సంబంధీకులు పాల్గొనకూడదంది. చుట్టరికం ఉండొద్దని కాదు... దాన్ని బయటికి చెప్పి, పక్కకి తప్పుకోమని.

చట్టంలో రెండు వాక్యాలు. ఇంట్లో అయితే అంత తేలిక కాదు.

నా స్నేహితురాలు ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్ఆర్ విభాగంలో ఉంది. ఓరోజు పిన్ని కొడుకు రెజ్యూమె పంపాడు. మూడేళ్ల అనుభవమని ఉంది. అందులో రెండేళ్లు అతను ఇంట్లో కూర్చుని గ్రూప్స్‌కి చదివాడని ఆమెకి తెలుసు. ఆ అనుభవం కాగితాలు డబ్బులిచ్చి కొన్నవి. సాయంత్రానికి పిన్ని ఫోను. ‘నీ తమ్ముడే కదే, నువ్వు కాకపోతే ఎవరు చూస్తారు?’

‘ఇంజినీరింగ్ చదివేటప్పుడు రెండేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. ఆ అన్నం మాట కంపెనీ రూల్‌బుక్‌లో ఉండదు కదా’ అంది నాతో. రెండు రాత్రులు నిద్ర పట్టలేదట. మూడోరోజు అదే ఉద్యోగానికొచ్చిన మిగతా రెజ్యూమెలు తిరగేస్తుంటే, ఫ్రెషర్‌నని నిజం రాసుకున్న కుర్రాడొకడు కనిపించాడు. మార్కులు తమ్ముడికొచ్చినన్నే. ‘వాడికి హెచ్ఆర్‌లో అక్క లేదు, అంతే తేడా’ అంది.

తమ్ముణ్ని పిలిచి రెజ్యూమె మార్పించింది. అతను తన బంధువని మేనేజర్‌కి చెప్పి, ఇంటర్వ్యూల జోలికి పోలేదు. తమ్ముడు రాతపరీక్ష దాటాడు, ఇంటర్వ్యూలో పోయాడు. పిన్ని మాటలు మానేసింది.

ఏడాది తర్వాత ఓ పెళ్లిలో ఎదురైతే ‘భోంచేశావా’ అని మాత్రం అడిగిందట. అది పలకరింపో దెప్పిపొడుపో తనకింకా తేలలేదంటుంది.