బల్ల దొరకలేదా... గోడ ఉందిగా!

నెలల తరబడి ఆడుతున్నా ఆట మాత్రం అక్కడే ఆగిపోయిందా? టేబుల్ టెన్నిస్‌లో కొత్తవాళ్లకు కావాల్సింది ఎక్కువసేపు ఆడటం కాదు... ఒక్కో దెబ్బనూ విడిగా పట్టుకుని సాధన చేయడం. దానికి పెద్ద క్లబ్బులూ ఖరీదైన బ్యాట్లూ అక్కర్లేదు!

నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలంలో పాకాల అనే పల్లె ఉంది. హిమాలయాలు అక్కణ్నుంచి వెయ్యి కిలోమీటర్ల అవతల. అయినా ఆ ఊరి అమ్మాయి మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం చేరిన అమ్మాయి అంతకుముందు లేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న పూర్ణ సాధన మొదలైంది మంచుకొండ మీద కాదు, భువనగిరి బండ మీద. తాడు పట్టుకోవడం, కాలు ఎక్కడ మోపాలో చూసుకోవడం అక్కడ నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్ కొండలు, ఆ తర్వాత లద్దాఖ్ చలి. అంత పెద్ద కష్టాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ లొంగదీసుకుంటూ పోవడమే ఆ శిక్షణలోని కిటుకు.

సరిగ్గా అదే కిటుకు బడి వరండాలోని టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గరా పనిచేస్తుంది. కానీ అక్కడ మనం చేస్తున్నది వేరు!

ఓడితే బయటికే!

బడికి ఒకే బల్ల. ఆటల పీరియడ్ నలభై నిమిషాలు. పిల్లలు ఇరవైమంది. పద్ధతి అందరికీ తెలిసిందే... గెలిచినవాళ్లు ఉంటారు, ఓడినవాళ్లు తప్పుకుంటారు. పదకొండు పాయింట్ల గేము అయిదు నిమిషాల్లో ముగుస్తుందనుకుంటే మొత్తం ఎనిమిది గేములు. మొదటి గేములో ఇద్దరు, ఆ తర్వాత గేముకొకరు చొప్పున ఏడుగురు. అంటే తొమ్మిదిమందికే అవకాశం. మిగిలిన పదకొండుమంది బ్యాటే పట్టుకోరు.

పోనీ పట్టుకున్నవాళ్లయినా నేర్చుకుంటారా? కొత్తగా వచ్చిన పిల్లకు ఎదురుగా బాగా ఆడేవాడు నిలబడతాడు. సర్వీసు వేస్తాడు, బంతి నెట్టులో పడుతుంది. మళ్లీ వేస్తాడు, పక్కకి పోతుంది. అయిదు నిమిషాల్లో ఆమె బంతిని ముట్టుకున్నది పట్టుమని ఇరవైసార్లు ఉండదు. సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అందరికన్నా తక్కువ దొరుకుతోంది. నాలుగు వారాలు గడిచాక ‘ఈ ఆట నాకు రాదు’ అని ఆ పిల్ల తేల్చేసుకుంటుంది. నిజానికి రాకపోవడం కాదు, నేర్పే వీలే లేకపోవడం!

గంటలు కాదు, గురి ముఖ్యం

స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ సంగీత అకాడమీలోని వయొలిన్ విద్యార్థులను పరిశీలించి 1993లో ఓ పత్రం వెలువరించింది. అందరిలోకీ మేటి అనిపించుకున్నవాళ్లు మిగిలినవారికన్నా ఒంటరి సాధనలో ఎక్కువ కాలం గడిపారని అందులో తేలింది. దీన్నే తర్వాత కొందరు ‘పదివేల గంటల సూత్రం’గా ప్రచారం చేస్తే ఎరిక్సన్ ఒప్పుకోలేదు. గంటలు లెక్కపెట్టుకుంటే చాలదు... రానిదేదో గుర్తించి దాన్నే పదేపదే చేయాలి, తప్పు ఎక్కడ జరుగుతోందో వెంటనే తెలియాలి, దిద్దుకోవాలి. వచ్చిన దెబ్బనే రోజూ కొట్టుకుంటూ పోతే సరదా తీరుతుందేగానీ ఆట పెరగదు.

ఒంటరిగా ఏం చేయొచ్చు?

బల్ల కోసం వరుసలో నిలబడే సమయాన్ని వృథా చేయక్కర్లేదు. ఈ నాలుగూ బల్ల ఖాళీ లేకపోయినా చేసుకోవచ్చు.

బంతితో చెలిమి: బ్యాటు మీద బంతిని ఆపకుండా ఎగరేయాలి. ముందు ఒకవైపు, తర్వాత రెండువైపులా మార్చి మార్చి. యాభైసార్లు కింద పడకుండా చేయగలిగితే నడుస్తూ ప్రయత్నించాలి. చెయ్యి ఎంత మెత్తగా ఉండాలో దీంతో అర్థమవుతుంది.

గోడ మీద గీత: బల్ల ఎత్తు 76 సెంటీమీటర్లు, నెట్టు 15.25. అంటే నెట్టు పైఅంచు నేల నుంచి సుమారు 91 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తులో గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి, దానికి జానెడు పైన మరో గీత. రెంటి మధ్యే తగిలేలా బంతిని గోడకు కొట్టి, కింద పడకుండా మళ్లీ కొట్టాలి. మడిచే బల్ల ఉంటే ఒక సగాన్ని నిలబెట్టి ఆడితే ఇంకా మంచిది.

ఖాళీ చేతి సాధన: మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు మునివేళ్ల మీద ఉంచి నిలబడాలి. బంతి లేకుండానే ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ కొట్టాలి. కాళ్లు ఒకదాని మీదుగా ఒకటి వేయకుండా పక్కలకు జరగాలి. ప్రతి దెబ్బ తర్వాతా మొదటి భంగిమకు తిరిగి రావాలి. అద్దం ముందు చేస్తే తప్పు మీకే కనిపిస్తుంది.

సర్వీసు ఎగరేత: ఎదుటివారి ప్రమేయం ఏమీ లేకుండా పూర్తిగా మన చేతిలో ఉండేది సర్వీసు ఒక్కటే. నిబంధన ప్రకారం తెరిచిన అరచేతిలోంచి బంతిని కనీసం 16 సెంటీమీటర్లు నిటారుగా ఎగరేసి, కిందికి దిగేటప్పుడు కొట్టాలి. ఈ ఎగరేత కుదిరితే సగం పని అయినట్టే. బల్ల ఖాళీ దొరికినప్పుడు అవతలి సగంలో చేతిరుమాలు పరచి, ఇరవై సర్వీసుల్లో ఎన్ని దానిమీద పడ్డాయో లెక్కపెట్టండి.

బల్ల దక్కితే...

ఒక బుట్టలో పాతికో ముప్ఫయ్యో బంతులు వేసుకోండి. ఒకరు వరుసగా అందిస్తారు, ఒకరు కొడతారు, మిగతావాళ్లు ఏరుతారు. నిమిషం, నిమిషంన్నరలో బుట్ట ఖాళీ. గేము మొత్తంలో దొరకనన్ని బంతులు ఆ కాస్త సమయంలోనే! చైనా క్రీడాకారుల సాధనలో ఈ పద్ధతికి పెద్దపీట. మొదట అన్నీ ఒకేచోటికి వేయాలి. అది కుదిరాక ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. ఆ తర్వాతే ఎటు వస్తుందో తెలియకుండా. ఈ వరుస తప్పితే పిల్లలు గాభరాపడతారు.

కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది స్పిన్. బంతిని కాదు, ఎదుటివారి బ్యాటును చూడమనండి. బ్యాటు బంతిని కిందికి కోస్తే ఆ బంతి మన బ్యాటుకు తగిలి నెట్టులోకి దిగుతుంది. కాబట్టి బ్యాటు ముఖాన్ని కాస్త పైకి తెరవాలి. బ్యాటు కింద నుంచి పైకి రాసుకుంటూ పోతే బంతి గాల్లోకి లేస్తుంది. అప్పుడు ముఖాన్ని కాస్త కిందికి వంచాలి. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం తప్పులు తగ్గుతాయి.

గేములూ ఉండాలి. లేకపోతే మజా ఏముంటుంది? పీరియడ్‌లో చివరి పావుగంట వాటికి వదిలేయండి. సమానంగా ఆడేవాళ్లను జత కట్టండి. ‘ఓడితే బయటికి’ బదులు ‘నాలుగు నిమిషాలు కాగానే జత మారాలి’ అనండి చాలు.

ఒక వీధి... ఒక ఊరు

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో సిల్వర్‌డేల్ రోడ్ అనే వీధి ఉంది. 1980ల్లో ఆ వీధి నుంచీ, ఆ చుట్టుపక్కల నుంచీ ఎందరో మేటి టేబుల్ టెన్నిస్ క్రీడాకారులు వచ్చారు. కారణం గాలీ నీరూ కాదు... అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఆటమీద ప్రాణం పెట్టిన ఉపాధ్యాయుడు పీటర్ చార్టర్స్, పిల్లలు ఎప్పుడంటే అప్పుడు వెళ్లి ఆడుకోగల ఓ చిన్న క్లబ్బు. అక్కడే పెరిగి బ్రిటన్ తరఫున ఒలింపిక్స్ ఆడిన మాథ్యూ సయ్యద్ తర్వాత ఈ సంగతంతా పుస్తకంగా రాశాడు.

మన దగ్గరా ఈ ఆటకు మంచి చరిత్రే ఉంది. హైదరాబాద్ ఆటగాడు మీర్ ఖాసిం అలీ 1969లో అర్జున అవార్డు అందుకున్నారు. ఇక అక్కను చూసి బ్యాటు పట్టిన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ, కోచ్ సోమ్‌నాథ్ ఘోష్ శిక్షణలో ఎదిగి 2022లో జాతీయ ఛాంపియన్ అయింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల సింగిల్స్ కాంస్య పోరులో 3-4తో ఓడినా, మిక్స్‌డ్ డబుల్స్‌లో శరత్ కమల్‌తో కలిసి స్వర్ణం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రిక్వార్టర్స్‌కు చేరి చైనా మేటి సున్ యింగ్షాను ఎదుర్కొంది. ఓడినా మొదటి రెండు గేములూ 10-12... అంత దగ్గరిదాకా!

అమ్మానాన్నలకు ఓ మాట

ఖరీదైన బ్యాటు కొనిస్తే ఆట వచ్చేయదు. మరీ వేగంగా కొట్టే రబ్బరు కొత్తవారి చేతిలో అదుపు తప్పుతుంది. మామూలు బ్యాటు చాలు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఉంచుకుంటే సరి. దాంతోపాటు ఓ నోటుపుస్తకం ఇవ్వండి. ఈరోజు గోడకు ఆగకుండా ఎన్నిసార్లు కొట్టారు, ఎన్ని సర్వీసులు రుమాలు మీద పడ్డాయి... ఇవే అందులో రాయాలి. ‘గెలిచావా?’ అని అడగడం మాని ‘నిన్న ఎన్ని, ఇవాళ ఎన్ని?’ అని అడగండి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. అలసిపోయి చేసే సాధన తప్పులనే అలవాటు చేస్తుంది.

ఆర్మూరు వైపు పసుపు రైతును అడిగితే చెబుతాడు. కొమ్ము నాటాక ఎనిమిది, తొమ్మిది నెలలు ఆగాలి. ఎంత ఊరిందో చూద్దామని వారానికోసారి తవ్వితే పంట దక్కదు. నీళ్లు పెట్టడం, కలుపు తీయడం మాత్రం మానకూడదు. పిల్లల ఆటా అంతే. సుద్దముక్క, గోడ, రోజుకో ఇరవై నిమిషాలు... మొదలుపెట్టడానికి ఈ ఆదివారం చాలు!