పెద్దరికం వచ్చిందా? ముందు వినడం నేర్చుకోండి

ఆ మధ్య తాడేపల్లిగూడెం నుంచి ఒక పెద్దమనిషి నా దగ్గరకు వచ్చారు. వయస్సు 44. రైసుమిల్లులో ఇరవై ఏళ్ళు గుమాస్తాగా చేసి, ఏడు నెలల కిందట మేనేజరయ్యారు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తిన్నది అరగకపోవడం ఆయన బాధలు. రక్తపు పోటు చూస్తే 160/100 ఉంది.

"జీతం పెరిగింది గానీ ఆయుష్షు తగ్గేట్టుంది డాక్టరు గారూ! కాటా దగ్గర నేనే ఉండాలి, లారీ నేనే ఎక్కించాలి, బ్యాంకుకు నేనే పోవాలి. అరవకపోతే ఒక్కడూ కదలడు" అన్నారు.

"అరిస్తే కదులుతున్నారా?" అని అడిగాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అసలు సంగతి చెప్పారు. తేమ ఎక్కువగా ఉన్న ధాన్యం గోడౌనులోకి చేరింది. గుమాస్తా కుర్రాడికి ఆ సంగతి తెలుసు. చెబితే తిట్లు తప్పవని ఊరుకున్నాడు. వారం తిరిగేసరికి బస్తాలు వేడెక్కి గింజ రంగు మారింది. ఆ రోజు నుంచే ఈయనకు నిద్ర కరువైంది.

మీలో కూడా ఇలా కొత్తగా పైకి వచ్చినవారు ఉంటారు. హెడ్ క్లర్కు కావచ్చు, హెడ్మాస్టరు కావచ్చు, హెడ్ నర్సు కావచ్చు, తండ్రి తరువాత దుకాణం చూసుకుంటున్న పెద్దకొడుకు కావచ్చు. పని బాగా చేస్తున్నారని మీకు ప్రమోషను ఇచ్చారు. అయితే పని చెయ్యడం వేరు, చేయించడం వేరు. ఈ రెండవది మనకు ఎవరూ నేర్పరు. నేర్చుకోకపోతే ఆ లోటు శరీరం మీద పడుతుంది.

కోపం వచ్చినప్పుడు మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథుల నుంచి ఎడ్రినలిన్ అనే పదార్థం రక్తంలోకి దిగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపు పోటు ఎక్కుతుంది. ఎప్పుడో ఒకసారి అయితే ఫరవాలేదు. రోజూ పదిసార్లు అయితే నిద్ర, ఆకలి రెండూ దెబ్బతింటాయి. అప్పటికే రక్తపు పోటు ఉన్నవారికి ఇది మరీ చేటు.

తిట్లు తినేవారి సంగతి?

"గుండె జబ్బులు ఆఫీసర్లకే వస్తాయి" అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. 1967లో ఇంగ్లండులో సుమారు 18,000 మంది మగ ప్రభుత్వోద్యోగులను ఎంచుకుని ఏళ్ళ తరబడి గమనించారు. పై అధికారులకంటే అట్టడుగు మెట్టు ఉద్యోగులే గుండె జబ్బుతో ఎక్కువగా మరణించారని తేలింది. పొగ తాగడం వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలుపెట్టిన రెండవ పరిశోధనలో మరొక విషయం బయటపడింది. తాము చేసే పని మీద తమకు ఏ పట్టూ లేనివారికి గుండె జబ్బు ఎక్కువగా వచ్చింది. కనుక మీ నోటి దురుసు మీ ఆరోగ్యాన్నే కాదు, మీ కింద ఉన్నవారి ఆరోగ్యాన్ని కూడా చెరుపుతుంది.

నేను చేసిన తప్పు

ఇతరులకు చెప్పేముందు నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసేవాణ్ణి. ఒకరోజు చిన్న విషయానికి నన్ను నిద్ర లేపిందని ఒక నర్సును అందరి ముందు కోప్పడ్డాను. మరునాటి రాత్రి కొల్లేటి లంక నుంచి వచ్చిన ఒక మధుమేహ రోగికి ఇన్సులిన్ 14 యూనిట్లు రాయవలసిన చోట నిద్రమత్తులో 40 అని రాశాను. తెల్లవారుజామున ఆయన ఒళ్ళంతా చెమటలు పట్టి స్పృహ తప్పారు. వెంటనే గ్లూకోజు ఎక్కించాము. అదృష్టం బాగుండి ప్రాణం నిలిచింది.

"నాకు అనుమానం వచ్చింది సార్. కానీ లేపితే మళ్ళీ తిడతారని అడగలేదు" అన్నది ఆ నర్సు. అంకె తప్పు రాసింది నేను. ఆమె నోరు కట్టేసింది కూడా నేనే.

2020 డిసెంబరులో ఏలూరు పడిన బాధ మీకు గుర్తుండే ఉంటుంది. ఉన్నట్టుండి మూర్ఛలు, వాంతులు, స్పృహ తప్పడం. కొద్ది రోజులలో 600 మందికి పైగా జబ్బుపడ్డారు. కారణం ఏమిటో మొదట తెలియదు. అలాంటి సమయంలో పైన ఉన్నవాడు "నాకూ ఇంకా తెలియదు, మీరు చూసింది చెప్పండి" అనగలగాలి. ఓ.పి. చీటీలు రాసే మనిషి గమనించిన చిన్న సంగతి కూడా పనికి రావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషను థియేటర్ల కోసం ఒక పేజీ జాబితా తయారు చేసింది. కత్తి పెట్టే ముందు అందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలి. ఎవరికి ఏ అనుమానం ఉన్నా అప్పుడే చెప్పాలి. ఢిల్లీతో సహా 8 నగరాల ఆస్పత్రులలో దీనిని పాటించి చూశారు. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. తన పేరు చెప్పి ఒకసారి నోరు విప్పిన మనిషి, తరువాత అవసరం వచ్చినప్పుడు కూడా విప్పగలడు.

మీరు చేయవలసినవి

1. రోజూ పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు అందరినీ కూడగట్టండి. ఎవరి పని ఏదో, ఎప్పటికి కావాలో చెప్పండి.

2. "అంతా సవ్యమేనా?" అని అడగకండి. అందరూ తల ఊపుతారు. "ఇవాళ ఏది ఆగిపోయేట్టుంది?" అని అడగండి.

3. చెడు వార్త తెచ్చినవారితో ముందు "చెప్పి మంచిపని చేశావు" అనండి. మందలించవలసి వస్తే పక్కకు పిలిచి, జరిగిన పని గురించి మాత్రమే మాట్లాడండి. మనిషిని తిట్టకండి.

4. అప్పగించిన పని పూర్తిగా అప్పగించండి. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడతాయి. ఆ నీరు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దారి. అది పూడితే ఊళ్ళు మునుగుతాయి. మీ బల్ల మీదికి వచ్చే పనికి కూడా దారి వదలండి.

5. మీ తప్పు మీరే అందరి ముందు ఒప్పుకోండి. దానివల్ల పెద్దరికం తగ్గదు.

6. మధ్యాహ్నం భోజనం మానకండి. ఏడు గంటలు నిద్రపోండి. రోజూ అరగంట నడవండి. పచ్చళ్ళు, ఉప్పుచేపలు తగ్గించండి. డాక్టరు చెప్పకుండా రక్తపు పోటు మాత్రలు ఆపకండి.

ఒక హెచ్చరిక. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకి గాని దవడలోకి గాని పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కలిగితే "పని ఒత్తిడిలే" అని సరిపెట్టుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

మిల్లు మేనేజరు గారికి మాత్రలు రాసి, ఈ మాటలే చెప్పాను. మూడు నెలల తరువాత వచ్చారు. రక్తపు పోటు 136/86. మాత్రలు వాడుతూనే ఉన్నారు. కాటా పుస్తకం ఆ గుమాస్తా కుర్రాడికే అప్పగించారట. మొన్న ఒక లారీ ధాన్యంలో తేమ ఎక్కువగా ఉందని ఆ కుర్రాడే పరుగెత్తుకొచ్చి చెప్పాడట.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"అరవబోయి ఆగాను డాక్టరు గారూ! లారీ తిప్పి పంపి, ఇద్దరం టీ తాగాము" అన్నారు.